చీకట్లో పెంచిన చూపు

ఉతికి మడతపెట్టిన తెల్ల పంచె బీరువాలో కనపడలేదంటే అది డాబా మీద ఉన్నట్టే. సందెవేళ చెంచురామ్ దాన్ని టెలిస్కోపు మూతికి బిగించి కట్టి, ఆ గుడ్డలోంచి వచ్చే ఉత్త తెల్లదనాన్ని ఫొటోలు తీస్తాడు. అద్దం మీద దుమ్ము ఎక్కడుందో వాటిలో తెలుస్తుందట. తర్వాత చుక్కల ఫొటోల్లోంచి ఆ దుమ్మును తీసేస్తాడట. అది పెళ్ళికి పెట్టిన పంచె. వసుమతి కొన్నాళ్ళు పోట్లాడింది, తర్వాత ఇంకో పంచె కొనింది, ఇప్పుడు అదీ పైకే పోయింది.

గిద్దలూరు చివర వాళ్ళ ఇల్లు. నల్లమల వైపు ఒక్క దీపం ఉండదు. చెంచురామ్ ఊళ్ళోని చిన్న కంటి ఆసుపత్రిలో, మేడమీది ప్రయోగశాలలో యంత్రాలు చూసుకునే ఉద్యోగి. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం అతను ఆకాశం మనిషి. టెలిస్కోపు అద్దాన్ని వరండాలో కూర్చుని తనే అరగదీసుకున్నాడు. కూతురికి నక్షత్రం పేరు పెట్టుకున్నాడు, ధనిష్ఠ అని.

ఆ పిల్ల తన పేరు చుక్కను ఎప్పుడూ చూడలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ రేచీకటి. తర్వాత పగటి చూపు కూడా చుట్టూ మూసుకుంటూ వచ్చింది. పదకొండో ఏడు వచ్చేసరికి గొట్టంలోంచి చూసినట్టు చూసేది. కంచంలో అన్నం కనపడితే కూర కనపడేది కాదు.

"గొల్లకావడి, అదే వరసగా మూడు చుక్కలుంటాయే, దాని కింద పొగమంచులాగా ఒకటుంది ధనూ. నీహారిక అంటారు దాన్ని. చుక్కలు పుట్టేది అందులోనే," అని చెప్పేవాడు చెంచురామ్.

"పొగమంచయితే నాకు రోజూ కనపడతానే ఉంది కదా నాన్నా," అనేది ఆ పిల్ల. నవ్వించడానికే అనేది. అతను నవ్వేవాడు కాదు.

ఆ ఏడే డాక్టర్ రుక్సానా ప్రయోగం కుదిరింది. ఆమె ధనిష్ఠ చేతిమీద చర్మం కొంచెం గీరి తీసుకుని, ఆ కణాల్లో పుట్టుకతో వచ్చిన తప్పును దిద్ది, వాటినుంచి కంటి వెనకుండే పొరను గాజుపళ్ళెంలో పెంచింది. ఎన్నోసార్లు చెడిపోయి ఒక్కసారి నిలిచింది. ఒకరోజు వసుమతిని పిలిచి, ఎర్రబల్బు గదిలో ఆ పళ్ళెం చూపించింది. ఉల్లిపొర ముక్క లాంటిది నీళ్ళలో తేలుతోంది.

"కుడికంట్లో పెడతాం. పగలు పుస్తకం చదువుకునేంత చూపు వస్తే చాలు నాకు," అంది రుక్సానా. పక్కనున్న చిన్న బుడ్డి చూపించి, "ఇది దాచుకునే స్టాకు. పొరకి ఏమన్నా అయితే మళ్ళీ దీన్నుంచే పెంచుకోవాలి," అంది.

"అంటే తోడన్నమాట," అంది వసుమతి.

"పెరుగు తోడా!" రుక్సానా పకపకా నవ్వింది. "బాగుందమ్మా. ఇంగ్లీషులో నేను వీళ్ళకి అరగంట చెప్పాను ఇదే." మార్కరు తీసి బుడ్డిమూత మీద 'తోడు' అని రాసింది. ఆ రోజునుంచి ప్రయోగశాలలో అందరికీ అదే పేరయింది.

"ఈ ఎర్రబల్బు దానికి కనపడదు. ఇది తప్ప ఇంకో వెలుతురు తగలకూడదు," అని చెప్పింది రుక్సానా. "చీకట్లో పుట్టి చీకట్లో పెరిగిన పొర. మొదట చూసే వెలుతురు పాప కంట్లోంచే చూడాలి. మొదట దేన్ని చూస్తే దాని కొలతే పట్టుకుంటుందని నా అనుమానం."

"అనుమానమేనా మేడమ్?" అన్నాడు చెంచురామ్.

"అనుమానమే. ఇంతవరకు మనిషికి పెట్టి చూసిందెవరు?"

కార్తీకం చివర్లో తుఫాను వచ్చి ఊరంతా కరెంటు పోయింది. ఆసుపత్రి మేడమీదికి నీళ్ళు దిగాయి. పొరనూ తోడునూ ఒంటివేడిలో ఉంచే పెట్టెను చెంచురామ్ బ్యాటరీతో సహా ఇంటికి తెచ్చాడు. బ్యాటరీ కూడా అయిపోయినప్పుడు వసుమతి ఆ పళ్ళేన్నీ బుడ్డినీ నల్లగుడ్డలో చుట్టి, తువ్వాలుతో పొట్టకు కట్టుకుని, మళ్ళీ కరెంటు వచ్చేదాకా గోడకానుకుని కూర్చుంది. దగ్గుకూడా ఆపుకుంది.

పక్కింటి కోటమ్మ తలుపులోంచి తొంగిచూసి, "ఏందే వసూ, ఈ వయసులో మళ్ళీ నెల తప్పావా?" అంది.

"అవునక్కా. ఈసారి కన్ను కంటన్నా."

"కను తల్లీ, కను. ఆడపిల్లయితే నా మనవడికి ఇవ్వు."

ప్రయోగశాల గోడలు ఆరేదాకా పెట్టె ఇంట్లోనే ఉంచమంది రుక్సానా. చెంచురామ్ మీద ఆమెకు అంత నమ్మకం. పెట్టెను దేవుడిగది మూలన పెట్టారు. రోజూ ఎర్రబల్బు వెలుతురులో పళ్ళెంలో నీళ్ళు మార్చేది అతనే.

పుష్యమాసం వచ్చేసరికి చెంచురామ్ ఫొటోలు మారిపోయాయి. ఒకరోజు ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టాడు. అంతకుముందు బూడిద మరకలాగా ఉండే నీహారికలో ఇప్పుడు నరాలు కనపడుతున్నాయి. గులాబీ రంగు, దాని లోపల ఇంకేదో రంగు. పచ్చ అనాలో నీలం అనాలో తెలియని రంగు.

"కొత్త కెమెరా కొన్నారా?" వసుమతి ఉలిక్కిపడింది.

"కొనలా. తయారుచేశా. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు."

అదేమిటో ఆమెకు తర్వాత పదిరోజులకు గాని తెలియలేదు. అమావాస్య దగ్గరపడింది, చలికాలపు పొడి ఆకాశం. దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆరేసిన బట్టలు మర్చిపోయానని ఆమె డాబా ఎక్కింది. టెలిస్కోపు చివర, కెమెరా ఉండాల్సిన చోట చిన్న వెచ్చటి గిన్నె బిగించి ఉంది. అడుగునుంచి వెంట్రుకల్లాంటి తీగలు ల్యాప్‌టాప్‌లోకి పోతున్నాయి. పక్కనే దేవుడిగదిలోని పెట్టె.

"ఇదెందుకు తెచ్చారు పైకి?"

చెంచురామ్ ఉలిక్కిపడి, వెంటనే సర్దుకున్నాడు. "అరవకు. కెమెరాకి చిప్పు ఉంటుంది, దానికి రొద ఉంటుంది, వెలుతురు లేనిచోట కూడా మచ్చలు వేస్తుంది. కన్నుకి రొద లేదు వసూ. ఒక్క వెలుతురు రవ్వ పడినా పట్టుకుంటుంది. ఆ పొరనే చిప్పు చేశా."

"పొరనా?"

"తోడులోంచి చిటికెడు తీశాలే."

"తోడేనా?"

"తోడే."

ఆమె బట్టలు భుజాన వేసుకుని నిలబడింది. "దీపం పెట్టాక తోడు తియ్యకూడదు," అంది. ఏమనాలో తెలియక అన్న మాట అది.

"పొద్దున్నే తీశా. సరేనా?" నవ్వాడు. "నువ్వు దిగు. నీ సెల్‌ఫోను లైటు పడితే మొత్తం పోతుంది."

మర్నాడు ఫొటో పూర్తయింది. చెంచురామ్ ల్యాప్‌టాప్‌ను ధనిష్ఠ ముఖానికి దగ్గరగా పెట్టి, గొట్టంచూపులో పట్టేటట్టు బొమ్మను మెల్లగా జరుపుతూ చూపించాడు. పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

"ఇది ఎవరు తీశారో తెలుసా? నీ కన్నే తీసిందమ్మా," అన్నాడు. అతని గొంతు వణికింది. ఆ వణుకు ప్రేమ కాదని ఇప్పటికీ వసుమతి అనలేదు. అందుకే ఆమెకు అంత కోపం.

మాఘంలో ఆపరేషన్ జరిగింది. ముందురోజు రుక్సానా ఎర్రబల్బు కింద పొరను చూసి, బతికే ఉంది, గట్టిగానే ఉంది అని తృప్తిపడింది. బుడ్డిని మూత తీయకుండానే పక్కన పెట్టింది. దాని అవసరం అప్పుడు లేదు.

కట్టు విప్పే రోజున వసుమతి పిల్లకు ఎర్ర పరికిణీ కట్టింది. తను చిన్నచిన్న పువ్వుల నూలుచీర కట్టుకుంది. గది కిటికీలన్నీ మూసి, మూలన ఒక్క దీపం పెట్టి, దానికి మూడు గుడ్డలు అడ్డం కట్టారు. రుక్సానా ఆఖరి పట్టీ తీసి, "మెల్లగా తెరువమ్మా," అంది.

ధనిష్ఠ కన్ను తెరిచి, ఒక్క క్షణం ఆగి, కేక పెట్టింది. వేడినూనె పడినట్టు రెండు చేతులతో ముఖం కప్పుకుని మంచం మీద ముడుచుకుపోయింది.

"ఆర్పండి, దీపం ఆర్పండి!"

చెంచురామ్ దీపం ఆర్పాడు. గదిలో ఎవరికి ఎవరూ కనపడటం లేదు. పిల్ల వెక్కిళ్ళు మాత్రం వినపడుతున్నాయి. మెల్లగా అవీ ఆగాయి.

"అమ్మా."

"ఏం తల్లీ?"

"నీ చీరమీద పువ్వులున్నాయి. తెల్లవి. చుట్టూ చిన్న ఆకులు." ఆ గొంతులో ఏడుపూ ఆశ్చర్యమూ కలిసి ఉన్నాయి. "నువ్వెందుకు ఏడుస్తన్నావు? మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారెందుకు?"

చీకట్లో రుక్సానా చెయ్యి దించింది కాబోలు, గాజులు కదిలిన చప్పుడయింది. ఆమె గొంతు మంచం దగ్గరికి వచ్చింది.

"ఈ పొర ఇంతకుముందే దేన్నో చూసింది. చాలాసేపు చూసింది. బాగా సన్నటి వెలుతురు. దానికే కొలత పెట్టేసుకుంది. ఎవరు చూపించారు?"

చీకట్లో ఎవరి కాలో నేలకు రాసుకున్న చప్పుడయింది.

"చెంచురామ్ గారూ."

"ఒక్క గంట మేడమ్." అతని గొంతు చీకట్లో చిన్నపిల్లవాడి గొంతులాగా ఉంది. "ఎక్కువ వెలుతురయితే చెడుతుందని భయపడ్డా గాని, ఇది చీకటే కదా అనుకున్నా. నీహారిక వెలుతురు ఎంతుంటుంది? దీపం కూడా కాదు. లేనట్టే కదా."

"ఎక్కువ చూపించి ఉంటే ఇంతకన్నా నయంగా ఉండేది," అంది రుక్సానా. తర్వాత ఆమె తనను తాను కూడగట్టుకుంది. డాక్టరు గొంతు వచ్చింది. "సరే. అయిందేదో అయింది. దీన్ని తీసేద్దాం. తోడు ఉంది కదా. మళ్ళీ పెంచుదాం. పాప కంటినరం ఇంకో ఏడాదిపాటు ఆగుతుంది, ఆలోపల..."

"తోడు లేదు మేడమ్."

"బుడ్డి నా దగ్గరే ఉందయ్యా."

"అందులో ఉన్నది నీళ్ళు. ముందు ఫొటోలన్నీ దాంతోనే తీశా. కొంచెం కొంచెంగా తీశా. అడుగున కాస్త ఉంచా. అదే మళ్ళీ పెరుగుతుందనుకున్నా." అతను ఒక్క ఊపిరి తీసుకున్నాడు. "తోడన్నారు కదా అందరూ. ఒక్క చుక్క మిగిలినా తోడుకుంటుంది అనుకున్నా. ఎదురుచూశా, పెరగలా. అప్పటికి ఫొటో సగంలో ఉంది. అందుకే పొర తీయాల్సొచ్చింది."

"అది పెరుగు కాదు చెంచురామ్ గారూ," అంది రుక్సానా.

అప్పుడు అతను వసుమతి ఉన్నవైపు తిరిగినట్టున్నాడు. "ఆ పేరు పెట్టింది నువ్వే కదా వసూ," అన్నాడు. నింద కాదది. నిజంగానే దిక్కుతోచక అన్నాడు. వసుమతి కట్టుకున్నవాడి నోటినుంచి చాలా మాటలు విన్నది. ఏదీ ఇంత లోపలికి దిగలేదు.

ఇంటికొచ్చాక వసుమతి కిటికీలకు నల్లగుడ్డ కుట్టింది. వెంటిలేటర్లకు అట్టలు కొట్టింది. కంటికి గుడ్డకడితే సరిపోతుంది అనుకున్నారు గాని సరిపోలేదు. బుగ్గచర్మంలోంచి, ముక్కుదూలంలోంచి వచ్చే కాస్త వెలుతురు కూడా ఆ పొరకు మంటే. పగలు గది తలుపు సందులోంచి గీతంత ఎండ పడితే ధనిష్ఠ వాంతి చేసుకునేది. బడి మానేసింది. హైమా, మిగతా స్నేహితురాళ్ళూ రెండుసార్లు వచ్చి, చీకటిగదిలో మంచం కోళ్ళు తగిలించుకుని, ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళిపోయారు.

ఆ నెలలోనే ఫొటోకు బహుమతి వచ్చింది. దేశమంతటా ఉన్న ఔత్సాహికుల్లో మొదటిది. చెంచురామ్ దాన్ని ఆపరేషనుకు ముందే పంపాడు. పేపర్లో సగం పేజీ వేశారు. కోటమ్మ పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మీ ఆయన మన ఊరిపేరు నిలబెట్టాడే! ఎంత బాగుందో చూడు, దేవుడి విమానంలాగా ఉంది. మిఠాయి ఎక్కడే?"

"పంచదార నిండుకుంది అక్కా," అంది వసుమతి. పంచదార డబ్బా ఆమె చేతిలోనే ఉంది.

చెంచురామ్ ఉద్యోగం పోయింది. రుక్సానా ఎవరికీ ఫిర్యాదు చేయలేదు గాని మేడమెట్లు ఎక్కొద్దంది. అతను కొన్నాళ్ళు గోడకు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. తర్వాత ఒక సాయంత్రం చీకటి పడ్డాక ధనిష్ఠను గాలికోసమని డాబా మీదికి తీసుకెళ్ళాడు. కాసేపటికి పైనుంచి అతని కేక వినపడి వసుమతి భయపడి పరుగెత్తింది.

పిల్ల తల పైకెత్తి నిలబడి ఉంది. చెంచురామ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వసూ, ఉత్త కన్నుతో చూస్తాంది! గొల్లకావడి కింద మొత్తం కనపడతాందట! రంగులతో సహా! చెప్పమ్మా, అమ్మకి చెప్పు."

"ముగ్గు కరిగినట్టుంది అమ్మా," అంది ధనిష్ఠ. "మధ్యలో నాలుగు చుక్కలు. వాటి పక్కన గుంటలాగా ఉంది. అందులో ఏదో కదలకుండా వెలుగుతాంది." చాలాకాలం తర్వాత ఆ పిల్ల ముఖంలో నవ్వు ఉండి ఉంటుంది. వసుమతికి కనపడలేదు.

ఆ రోజునుంచి అతనికి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రమైతే చాలు, కుర్చీ వేసి, దుప్పటి కప్పి, ఫోనులో రికార్డు పెట్టి, "ఎడమవైపు ఏముందమ్మా? ఇంకొంచెం కింద?" అని అడుగుతూ ఉండేవాడు. పట్నంనుంచి చుక్కల శాస్త్రం తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళు ఫోను చేశారట, వచ్చి చూస్తామన్నారట. వసుమతి మెట్లమీద కూర్చుని వినేది. అతను పిల్లతో ఇంత ఓపికగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒకరోజు వంటింట్లో అనేసింది. "పిల్లని టెలిస్కోపు చేశారు."

"నేను చేసింది తప్పే. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. కాని వచ్చిందేదో వచ్చింది. ఈ భూమ్మీద ఏ మనిషీ చూడనిది చూస్తాంది అది. దాన్ని కూడా వద్దంటావా?"

"దానికి ఎండ కావాలయ్యా!" వసుమతి గొంతు ఇల్లంతా వినపడింది. "చుక్కలు నీకు కావాలి. నీ ఫొటో కోసం దాని కన్ను తీసుకెళ్ళి వాడుకుని, ఇప్పుడు అదేదో వరమిచ్చినట్టు మాట్లాడతావేంది!"

పెళ్ళయ్యాక అతన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదటిసారి. నల్లగుడ్డ కట్టిన తలుపు వెనక మంచం కిర్రుమంది.

అప్పటిదాకా ధనిష్ఠకు ఆపరేషన్ చెడిందని మాత్రమే తెలుసు. గంట, తోడు అన్న మాటలు కట్టు విప్పిన రోజునే విన్నది గాని, నొప్పిలో వాటిని కలిపి చూసుకోలేదు. ఇప్పుడు కలుపుకుంది. రెండురోజులు ఏమీ అడగలేదు. మూడోరోజు అన్నం కలిపి పెడుతుంటే తల్లి చెయ్యి పట్టుకుంది.

"మేడమ్ గారిని ఈ పొర తీసేయమను అమ్మా."

"తీసేస్తే ఏమీ కనపడదు తల్లీ. ఎడమకన్ను కూడా అయిపోవచ్చింది."

"తెలుసు. బడికి పోవచ్చు కదా. జడలు వేసుకుని ఎండలో కూర్చోవచ్చు. హైమ చెయ్యి పట్టుకుంటే అంతా తిరగొచ్చు." తల్లి చెయ్యి వదలకుండానే, "నాకు పగలు కావాలమ్మా. చూడకపోయినా పర్లేదు," అంది.

రుక్సానా పిల్లనే మళ్ళీ మళ్ళీ అడిగింది. తర్వాత ఒప్పుకుంది. "తీశాక ఇంకేమీ పెట్టలేం. నా దగ్గర ఏమీ మిగల్లేదు," అని వసుమతి చేతులు పట్టుకుంది.

చెంచురామ్ బతిమాలాడు. ఏడ్చాడు. అన్నం మానేశాడు. ఆఖరికి ఆపరేషనుకు బయలుదేరే ముందురోజు సాయంత్రం పిల్ల గది తలుపు దగ్గర నిలబడి, "ఒక్కసారి రా ధనూ. ఈ ఒక్కసారి. ఆ గుంట అంచు నువ్వు సరిగ్గా చెప్పలా. ఎవరూ మళ్ళీ చూడలేరమ్మా దాన్ని," అన్నాడు.

వసుమతి అడ్డుపడబోయింది. ధనిష్ఠ మంచం దిగి, "పద నాన్నా," అంది.

ముగ్గురూ పైకి వెళ్ళారు. చెంచురామ్ కుర్చీ వేశాడు, దుప్పటి కప్పాడు, ఫోనులో రికార్డు పెట్టి పిల్ల ఒళ్ళో బోర్లించాడు. పక్కన నేలమీద చతికిలపడి, వినడానికి చెవి దగ్గరగా పెట్టాడు.

"చూస్తన్నావా?"

"ఆఁ."

ధనిష్ఠ తల పైకెత్తింది. చాలాసేపు చూసింది. తల కొంచెం ఎడమకు వంచింది, మళ్ళీ కుడికి వంచింది, దేన్నో అంచులవెంట తడుముతున్నట్టు. ఆ పిల్ల ఊపిరి ఒకచోట ఆగి మళ్ళీ మొదలవడం వసుమతికి వినపడింది.

"ఏం కనపడతాందమ్మా?" అన్నాడు చెంచురామ్.

"ఏమీ లేదు నాన్నా," అంది ధనిష్ఠ. "మబ్బు పట్టింది."

వసుమతి పైకి చూసింది. అడవిమీదినుంచి ఇంటిమీదిదాకా ఎక్కడా ఒక్క మబ్బుపింజె లేదు. ఆకాశం నిండా చుక్కలు. గొల్లకావడి నడినెత్తిన వెలుగుతోంది. చెంచురామ్ కూడా తల ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

"అమ్మా, కిందికి పోదాం పద," అంది ధనిష్ఠ. "చలేస్తాంది."